సొరుగులో పదకొండు కవర్లు

కింది గది, బైండింగ్ బల్ల
మార్చి 3

అక్కా,

నీ ఉత్తరం అందింది. ఫోన్లో నీకు సగం వినబడక, నేను రెట్టింపు అరిచి, చివరికి ఇద్దరం అలిగి పెట్టేయడం కంటే ఇలా రాసుకోవడమే నయం. నీ ఎడమ చెవి పుణ్యమా అని నా దస్తూరీ కూడా బాగుపడుతోంది.

ఇక్కడ అందరం కులాసా. అందరం అంటే ఇద్దరమే అనుకో. నీ మరదలికి రూటు మార్చారు. ఇప్పుడు స్టేషన్ నుంచి పెద్దాసుపత్రి మీదుగా కొండ కింది కాలనీ దాకా బస్సు నడుపుతోంది. ఆసుపత్రి దగ్గర ఎక్కినవాళ్లు తమ ఒంట్లో సంగతులన్నీ డ్రైవరుకు చెప్పందే దిగడం లేదట. "ఇంకో ఆర్నెల్లు ఇదే రూటులో ఉంచారంటే నేనే మందులు రాసిచ్చేస్తా" అంటోంది.

నా పనీ సాగుతోంది. ఒక లాయరుగారి పాత పుస్తకాలు ఆరు వచ్చాయి. వెన్నులు ఊడిపోయి కాగితాలు వేలాడుతున్నాయి. పాత కుట్టు విప్పి, ఒక్కొక్క కట్టా దులిపి, మళ్లీ దారంతో కుడుతున్నాను. ఈ పనిలో కూర్చుంటే పూట ఎలా గడిచిపోతుందో తెలియదు.

మరో చిన్న సంగతి. నాకొక స్నేహితుడున్నాడు. నువ్వు చూడలేదులే. ఇల్లు బ్యాంకుకు తనఖా పెట్టి వ్యాపారం కోసం అప్పు తెచ్చాడు. వ్యాపారం మందగించి వాయిదాలు కొన్ని తప్పాయి. ఈమధ్య నోటీసు వచ్చింది. నువ్వు ఇరవై ఎనిమిదేళ్లు బ్యాంకులో వసూళ్ల విభాగంలోనే చేసి రిటైరయ్యావు కదా, మా అక్కను అడిగి చెబుతానన్నాను. అందులో ఒక వాక్యం ఇది:

"పై గడువులోగా మొత్తం బకాయి చెల్లించని పక్షంలో, తనఖా ఉన్న సదరు గృహమును స్వాధీనపరచుకొని బహిరంగ వేలంలో విక్రయించుటకు బ్యాంకు వారికి సర్వహక్కులు కలవని ఇందుమూలముగా తెలియజేయడమైనది."

నిజంగానే అంత పనీ చేస్తారా, లేక బెదిరించడానికి అలా రాస్తారా? తొందరేమీ లేదు. నీకు వీలైనప్పుడు రాయి.

నీ తమ్ముడు


మూడో అంతస్తు, వంటగది
మార్చి 8

పిచ్చికా,

తొందరేమీ లేదని రాసి, ఆ ఉత్తరాన్ని రిజిస్టరు పోస్టులో పంపిన మనిషిని నిన్నే చూశాను. సంతకం పెట్టించుకున్న పోస్టావిడ "ఏమన్నా ఆస్తి కాగితాలా అమ్మా?" అంది. "కాదు, మా తమ్ముడి క్షేమసమాచారం" అన్నాను.

నీ స్నేహితుడి సంగతి. అది బెదిరింపు కాదు. చేస్తారు. గడువు దాటితే ఇల్లు స్వాధీనం చేసుకుని వేలం వేస్తారు. అయితే నోటీసుకూ వేలానికీ మధ్య చాలా గుమ్మాలున్నాయి. ప్రతి గుమ్మం దగ్గరా ఆగి మాట్లాడుకునే వీలుంటుంది. ఎక్కడా నోరు విప్పనివాడి ఇల్లే ముందు పోతుంది.

ఇంకో మాట. ఆ వాక్యం నాదే. నవ్వకు. ఆ నోటీసు నమూనా ఇరవై ఏళ్ల కిందట మా ఆఫీసులో తయారైంది. రాసింది నేను. తర్వాత ఒకరిని చూసి ఒకరు, అన్ని బ్యాంకులూ దాన్నే వాడుకున్నాయి. "వాక్యం అంటే ఇలా ఉండాలి, ఎక్కడా సందు లేదు" అని అప్పటి మా పై అధికారి మెచ్చుకున్నాడు కూడా. ఇన్నేళ్ల తర్వాత దాన్ని నీ చేతిరాతలో చదివి, కాగితం బోర్లా పెట్టేశాను.

నీ స్నేహితుడిని ముందు ఒక పని చేయమను. బ్యాంకు నుంచి వచ్చిన కవర్లన్నీ బయటికి తీసి, తెరిచి, తేదీల వరసలో పెట్టమను. అతను వాటిని తెరిచి ఉండడు. వాయిదా తప్పినవాళ్లు ఎవరూ తెరవరు. వేలానికి తేదీ వేశారేమో చూడమను. వాళ్లావిడకు తెలుసో లేదో నువ్వే కనుక్కుని రాయి.

అతను వేళకు తింటున్నాడా? అది కూడా కనుక్కో.

అక్క


కింది గది
మార్చి 15

అక్కా,

స్నేహితుడు నీ మాట ప్రకారమే చేశాడు. మొత్తం పదకొండు కవర్లు. సొరుగులో గుడ్డ ముక్కల కింద ఉన్నాయి. నువ్వన్నట్టే, నేను రాసిన ఆ నోటీసు తప్ప ఒక్కటీ తెరవలేదు. వచ్చినప్పుడల్లా "ఈ పని కాగానే చూద్దాం" అనుకునేవాడు. పని అయ్యేది, ఇంకో పని వచ్చేది. కాగితం చేత్తో పట్టుకుంటే చాలు, ఏ రకమో ఎంత మందమో చెప్పేసే మనిషికి ఆ కవర్లలో ఏముందో మాత్రం తెలుసుకోబుద్ధి కాలేదు.

ఆరో కవరులో వాళ్లు చాలా మర్యాదగా రాశారు. వాయిదా కష్టంగా ఉంటే వచ్చి మాట్లాడండి, గడువు పొడిగించే వీలుందేమో చూద్దాం, నెలలోపు రండి అని. అది వచ్చి నాలుగు నెలలైంది. చదివి బల్ల మీద తల పెట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయాను. అంటే, అతను ఉండిపోయాడు.

వేలం మే 20న అట.

ఆవిడకు తెలియదు. అప్పు సంగతి తెలుసు, ఇల్లు ఇద్దరి పేరా ఉంది కాబట్టి అప్పట్లో సంతకం పెట్టింది. వాయిదాలు తప్పినట్టే తెలియదు. చెబుదామనే రోజూ అనుకుంటాడు. పొద్దున్నే ఆవిడ డిపోకు వెళ్లే తొందరలో ఉంటుంది, సాయంత్రం అలిసిపోయి వస్తుంది. నీళ్లు నమిలి ఊరుకుంటాడు.

తింటున్నాడు. నీకు చెప్పమన్నాడు.

నీ తమ్ముడు


మూడో అంతస్తు, కిటికీ దగ్గర
మార్చి 21

పిచ్చికా,

నీ స్నేహితుడిని ఇక పంపించేయ్. పాపం, చాలా దూరం మోశాడు. పొద్దున్నే డిపోకు వెళ్లే భార్యలు మీ వీధిలో ఎంతమంది ఉన్నారో నాకూ తెలుసు.

మొదటి ఉత్తరంతోనే అర్థమైంది. చెప్పుకోవడానికి నీకొక మనిషి అడ్డు కావాలంటే ఉండనీలే అని ఊరుకున్నాను. నువ్వు దాచింది ఎందుకో కూడా తెలుసు. బతుకంతా నేను ఎవరికి నోటీసులు పంపానో, ఆ వరసలో నువ్వూ నిలబడ్డావని నాకు చెప్పడానికి నీకు మొహం చెల్లలేదు.

నా సంగతీ విను. మా ఆఫీసులో గడువు దాటిన ఫైలు మీద "జవాబు లేదు" అని ఎర్ర సిరాతో రాసేవాళ్లం. జవాబివ్వనివాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఎంత పొగరు, ఇన్ని రాస్తే ఒక్క ముక్క తిరిగి రాయరా అనుకునేదాన్ని. ఇరవై ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా ఆ కవరు ఎవరి సొరుగులో, ఏ గుడ్డల కింద ఉందో అని ఆలోచించలేదు. నీ ఉత్తరం చదివి ఆలోచించాను. రెండు రోజులు వేరే పని చేయబుద్ధి కాలేదు.

సరే, పనిలోకి వద్దాం. బ్యాంకుకు నువ్వు పెట్టుకోవలసిన అర్జీ రాశాను. రెండు పేజీలు. మొదటి పేజీ ఇందులో పెట్టాను. నీ పాత ఉత్తరాలు తిరగేసి, ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాశాను: పెద్ద కటింగ్ మెషిన్ కోసం అప్పు, స్కూళ్ల పుస్తకాల పని నమ్ముకుని దాన్ని కొనడం, రెండు స్కూళ్లూ కాగితం మానేసి కంప్యూటర్ తెరల మీదకు వెళ్లిపోవడం. ఎక్కడా బతిమాలలేదు, గోరంతలు కొండంతలు చేయలేదు. చేయకు కూడా. బతిమాలే ఉత్తరాలు మేము పైపైన చూసేవాళ్లం. తేదీలున్న ఉత్తరాన్ని మాత్రం చివరిదాకా చదివేవాళ్లం.

రెండో పేజీ నా దగ్గరే ఉంచుకున్నాను. మరదలికి చెప్పు, అప్పుడు పంపుతాను. అవును, ఇది బెదిరింపే. ఆ పేజీలో మొదటి మాటే ఆమె జీతం గురించి. ఆమెకు తెలియకుండా అది నడవదు.

అక్క


కింది గది
ఏప్రిల్ 2

అక్కా,

చెప్పాను.

ఇంట్లో చెప్పలేకపోయాను. ఇంట్లో ఎటు తిరిగినా ఇల్లే కనబడుతుంది. అందుకని నిన్న మధ్యాహ్నం స్టేషన్ దగ్గర ఆమె బస్సే ఎక్కాను. అద్దంలో నన్ను చూసి కనుబొమలు ఎగరేసింది.

"టికెట్ తీసుకున్నారా?" అంది.

తీసుకున్నాను. వెనక సీటులో పెద్దాయన ఒకడు "ఇంటాయనకు కూడా టికెట్టేనా తల్లీ!" అని నవ్వాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాననుకో. నవ్వుతూనే టికెట్టును మడిచి మడిచి గోరంత చేశాను.

చివరి స్టాపులో అందరూ దిగిపోయారు. అక్కడ ఆమెకు పన్నెండు నిమిషాలు విరామం. ఫ్లాస్కులో టీ తీసి, మూతలో పోసి నాకిచ్చి, బస్సు మెట్టు మీద కూర్చుంది. నేను కింద నిలబడి చెప్పేశాను. కవర్లు, వేలం తేదీ, నీతో ఆడిన స్నేహితుడి నాటకం, అన్నీ. నేను ఆగాక "ఎన్నాళ్ల నుంచి?" అంది.

"తొమ్మిది నెలలు."

"తొమ్మిది నెలలుగా రోజూ నా ఎదురుగా కూర్చుని తిన్నారు" అంది. "ఉప్పు తగ్గిందని కూడా అన్నారు."

టీ తాగకుండానే మూత తిరిగిచ్చాను. ఆమె గడియారం చూసుకుంది. "ఎక్కండి. టైమైంది."

తిరుగు ప్రయాణంలో ఒక్కసారి కూడా అద్దంలోకి చూడలేదు. ప్రతి స్టాపులో తలుపు తెరుచుకుంది, మూసుకుంది. నేను దిగలేదు. స్టేషన్లో అందరూ దిగాక అప్పుడు మాట్లాడింది. "ఆరింటికి డ్యూటీ అయిపోతుంది. ఆ సొరుగు ముట్టుకోకండి. అలాగే ఉంచండి."

వచ్చీ రాగానే, యూనిఫాం కూడా మార్చుకోకుండా, పదకొండూ నేల మీద పరుచుకుని చదివింది. చివరి కాగితం మడిచి పెడుతూ అంది: "ఇల్లు పోతే అద్దెకు పోదాం. బస్సు నడపడం ఎటూ ఉంది. నన్ను పక్కనపెట్టి మీరొక్కరే మోశారు చూడండి, అది మరిచిపోవడానికి మాత్రం నాకు కొంచెం టైము పడుతుంది."

పట్టనీ. ఎంతైనా పట్టనీ. అక్కా, ఒక మాట చెబితే సిగ్గులేదంటావేమో. తొమ్మిది నెలల్లో మొదటిసారి ఈ పొద్దున నాకు ఆకలేసింది.

నీ తమ్ముడు

వదినా,
రెండో పేజీ పంపండి. మొదటి పేజీ బాగుంది. ఈయన సంగతి నేను చూసుకుంటాను.
మీ మరదలు


మూడో అంతస్తు, వంటగది
ఏప్రిల్ 8

పిచ్చికకూ, మరదలికీ,

ఇదిగో రెండో పేజీ. మరదలి జీతం రాయడానికి, నీ రాబడి రాయడానికి ఖాళీలు వదిలాను. నెలకు ఎంత కట్టగలరో ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. కట్టగలిగినదానికి మించి చిల్లిగవ్వ ఎక్కువ రాయకండి. ఆశపడి ఎక్కువ రాసినవాళ్లే మూడో నెలలో మళ్లీ తప్పేవాళ్లు.

నా దగ్గర కొంత ఉంది, ఇచ్చేద్దామని మొదటిరోజే చెయ్యి లాగింది. కావాలనే ఆగాను. ఇప్పుడు పోస్తే అంతా ఆలస్య రుసుముల కిందకే పోతుంది. ముందు వాళ్లు అప్పును తిరగరాయనీ, తర్వాత అడుగు. అడగకపోతే నాకు కోపం వస్తుంది, ముందే చెబుతున్నాను.

ఆ కటింగ్ మెషిన్ గురించి ఒకసారి ఆలోచించుకో. నేను మాత్రం అమ్మేయమని చెప్పను.

ఇక అసలు సంగతి. నోటీసు వెనక్కి తిప్పండి. అడుగున, దుమ్ము పడిందేమో అనిపించేటంత సన్నగా ఒక వరస ఉంటుంది. వేలానికి ఇరవై రోజుల ముందు వరకు రుణగ్రహీత రాతమూలకంగా కోరితే, బ్యాంకు ఆయన్ను పిలిపించి వినాలి, విని నిర్ణయం చెప్పేవరకు వేలం జరపకూడదు అని. మీకు ఇంకా మూడు వారాలుంది. అర్జీ మొదట్లోనే ఆ వరసను ఎత్తి రాయండి.

ఆ వరస అంత చిన్నగా ఎందుకుందో కూడా చెబుతాను. నోటీసు ఒక్క కాగితం దాటకూడదని పైనుంచి ఆజ్ఞ. అన్నీ కలిపితే నాలుగు వరసలు ఎక్కువయ్యాయి. దేన్ని కుదించాలని అడిగితే నేను ఆ వరస మీద వేలు పెట్టి చూపించాను. మా బెదిరింపు పెద్దక్షరాల్లోనే ఉండాలి కదా! అప్పట్లో అది నాకు తప్పుగా తోచలేదు. కాగితంలో చోటు సరిపోయింది, పని అయిపోయింది అనుకున్నాను, అంతే. తర్వాత ఎంతమంది ఆ వెనక పేజీ తిప్పకుండానే సామాన్లు సర్దుకున్నారో నాకు తెలియదు. తెలుసుకునే దారీ లేదు.

ఇది ఎవరికీ చెప్పలేదు. మీకు చెప్పాను.

అక్క


కింది గది
ఏప్రిల్ 24

అక్కా,

నిన్న బ్యాంకుకు వెళ్లొచ్చాం. అర్జీ పదిహేనో తారీకునే ఇచ్చాం, వాళ్లు నిన్న పదకొండింటికి రమ్మన్నారు.

కాగితాలన్నీ వదులుగా తీసుకెళ్లడం నాకు చేత కాలేదు. అర్జీ, రాబడి లెక్క, మరదలి జీతం చీటీలు, పదకొండు ఉత్తరాలూ తేదీల వరసలో పెట్టి, కుట్టి, నీలం గుడ్డ అట్ట వేశాను. "బ్యాంకుకు వెళ్తున్నామా, బహుమతి ప్రదానానికా?" అంది నీ మరదలు. అన్నది గానీ, దాన్ని తన సంచిలోనే పెట్టుకుంది. తనేమో యూనిఫాంలో వచ్చింది. "డ్యూటీ మధ్యలో వచ్చానని వాళ్లకు తెలియాలి" అంది.

అధికారి మనకంటే చిన్నది. విపరీతమైన జలుబు. మా ఫైలు తెరవగానే కాగితాలు సగం జారి నేల మీద పడ్డాయి. నేను వంగి ఏరి, అలవాటు కొద్దీ బల్ల మీద అంచులు కొట్టి సరిచేసి ఇచ్చాను. ఆమె నా పుస్తకాన్నీ, తన ఫైలునీ మార్చి మార్చి చూసి, నా పుస్తకమే తెరుచుకుంది.

చాలాసేపు చదివింది. వెనక పేజీలోని వరస దగ్గర ఆగి "ఇది మీకు ఎవరు చెప్పారు? ఇది చదివి వచ్చినవాళ్లను నేనింతవరకూ చూడలేదు" అంది.

"మా అక్క" అన్నాను. అంతకంటే ఏం చెప్పలేదు, భయపడకు.

తర్వాత నేను భయపడుతున్న ప్రశ్నే వేసింది. "పదకొండు ఉత్తరాలు రాశామండీ. ఒక్కదానికీ ఎందుకు జవాబివ్వలేదు?"

ఏవేవో నేర్చుకుని వెళ్లాను. ఒక్కటీ గుర్తు రాలేదు. "భయమేసిందండీ" అన్నాను.

ఆమె కలం కింద పెట్టింది. ముక్కు తుడుచుకుంది. ఇంకేమీ అడగలేదు. నీ మరదలు మాత్రం "ఇకమీదట నా పేరున రాయండి, నేను తెరుస్తాను" అని చిరునామా పక్కన తన పేరు రాయించేదాకా లేవలేదు.

మెషిన్ అమ్ముతానని అక్కడే చెప్పేశాను. నువ్వు చెప్పావని కాదు. దానితో గంటలో వెయ్యి పుస్తకాలు కోయొచ్చు నిజమే, నాకు మాత్రం ఏడాదికి వెయ్యి పుస్తకాలు వస్తే ఎక్కువ. అమ్ముతానని అన్నాక ఎంత తేలికైందో చెప్పలేను. ఎదుగుతున్నానని అందరికీ చూపించుకోవడానికి కొన్నాననిపించింది. ఆ అందరూ ఎవరో ఇప్పుడు గుర్తు తెచ్చుకుందామన్నా ఒక్క మొహమూ తగలడం లేదు.

పైవాళ్ల నిర్ణయానికి మూడు వారాలు పడుతుందట. ఇస్తారని మాట ఇవ్వలేనంది. తలుపు దాకా వచ్చి మరీ అంది.

నీ తమ్ముడు


గ్రంథాలయం, పత్రికల గది
మే 4

పిచ్చికా,

మీరు ఎదురుచూస్తూ ఉంటారు. నేనూ అంతే. ఇంట్లో కాలు నిలవడం లేదు, అందుకని ఇక్కడికి వచ్చి కూర్చుని రాస్తున్నాను.

నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. మీ అర్జీ బాగుంది, మీ లెక్క బాగుంది, అయినా కాదనవచ్చు. మా కాలంలో ఇంతకంటే బాగున్నవి కాదన్నాం, ఇందులో సగం లేనివి ఔనన్నాం. ఆ రోజు పైవాళ్ల బల్ల మీద ఎన్ని ఉన్నాయో, వాళ్లు ఏం తిని వచ్చారో కూడా లెక్కలోకి వస్తుంది. కాదంటే ఇంకొక దారి ఉంది, అప్పుడు రాస్తాను. ఇప్పటి నుంచే దాని గురించి బుర్ర పాడు చేసుకోవద్దు.

ఇక్కడ ఒక సంగతి జరిగింది. గ్రంథాలయం చూసుకునే ఆవిడకు మాటల సందర్భంలో నీ కవర్ల సంగతి చెప్పాను, ఎవరివని చెప్పలేదులే. ఆవిడ నన్ను అడగనైనా అడగకుండా తలుపు మీద కాగితం అంటించేసింది: "బ్యాంకు ఉత్తరాలు చదివి చెప్పబడును. మంగళ, శుక్రవారాలు, పది నుంచి పన్నెండు." చింపేద్దామని లేచేలోపే ఒక మంగలాయన వచ్చాడు. చంకలో చొక్కాల షాపు సంచి. అందులో ఎన్ని కవర్లున్నాయో లెక్కపెట్టలేదు. బల్ల మీద సంచి పెట్టి "మీరు చదవండమ్మా, నేను బయట నిలబడతాను" అన్నాడు.

"కూర్చోండి. చదివేది నేనే, వినేది మీరు" అన్నాను.

రెండు గంటలు పట్టింది. ఆయన కూర్చున్నాడు. నా కుడి చెవి వైపు జరిగి కూర్చోమన్నాను. లేచేటప్పుడు "మీరు ఎక్కడ చేసేవారమ్మా?" అన్నాడు. చెప్పాను. సంచి మళ్లీ చంకలో పెట్టుకుని "అయితే శుక్రవారం కూడా వస్తాను" అన్నాడు.

అక్క


కింది గది
మే 13

అక్కా,

ఒప్పుకున్నారు!

ఉత్తరం నిన్న పదిన్నరకు వచ్చింది. కవరు మీద నీ మరదలి పేరు. ఆమె డ్యూటీలో ఉంది. నేను దాన్ని బల్ల మీద పెట్టి, ఎదురుగా కూర్చున్నాను. కూర్చోలేక ముందు గదిలోకి వెళ్లాను. మళ్లీ వచ్చాను. మధ్యాహ్నం రెండింటికి ఆమె గుమ్మంలోకి రాగానే ఎత్తి చూపించాను. "తెరవలేదా?" అంది. "నీ పేరున ఉంది" అన్నాను. ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. ఇన్ని వారాల తర్వాత ఆ చూపులో కోపం కనబడలేదు. "తెరవండి, నాకు చేతులు కడుక్కోవాలి" అంటూ పెరట్లోకి వెళ్లిపోయింది. కొళాయి మాత్రం తిప్పలేదు. చప్పుడు రాలేదు, నాకు తెలుసు.

తెరిచాను. వేలం రద్దు. అప్పును ఇంకో తొమ్మిదేళ్లకు పొడిగించారు, వాయిదా పాతదానిలో సగం కంటే కొంచెం తక్కువే. మెషిన్ అమ్మిన సొమ్ము ముందుగా కట్టాలి. ఏడాదిలో రెండు వాయిదాలు తప్పితే ఈ ఒప్పందం చెల్లదు. నేను గట్టిగా చదువుతుంటే "మళ్లీ చదవండి" అంది పెరట్లోంచి. మళ్లీ చదివాను. మూడోసారి కూడా చదివించుకుంది.

మెషిన్ ఒక అచ్చు కార్యాలయం వాళ్లు పట్టుకుపోతున్నారు. మేడ మీది గది అద్దెకిచ్చేయాలని తీర్మానించాం. అక్కడ పెట్టుకున్న నా కాగితపు రీములన్నీ కిందకు చేరాయి, నడవడానికి దారి లేదు. అప్పుడప్పుడూ తిట్లు పడుతున్నాయి. తిట్లు మొదలయ్యాయంటే కోపం పోయిందని నీకూ తెలుసు కదా.

ఆలస్య రుసుములు కొన్ని మిగిలాయి. అడగకపోతే కోపం వస్తుందన్నావు, అందుకని అడుగుతున్నాను.

నీ తమ్ముడు


గ్రంథాలయం, పత్రికల గది
మే 19

పిచ్చికా,

నీ ఉత్తరం ఇక్కడే, అందరి మధ్యా చదివాను. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాను. పత్రిక చదువుకుంటున్న పెద్దాయన "చెడు కబురా?" అన్నాడు. "మా తమ్ముడి ఇల్లు నిలబడింది" అన్నాను. ఆయనకు నువ్వెవరో తెలియదు, అయినా లేచి నాకు చెయ్యి కలిపాడు.

సొమ్ము పంపాను. తిరిగిచ్చే సంగతి ఎత్తావంటే పాత పిచ్చిక కాదు, పిల్లి అని పిలుస్తాను.

అందరిదీ మీలా కుదరడం లేదు. గడియారాలు బాగుచేసే ఒకామె వేలానికి నాలుగు రోజుల ముందు వచ్చింది. ఏమీ చేయలేకపోయాను. గడువుకు మించి పది రోజులు ఉండేందుకు మాత్రం ఒప్పించగలిగాను. ఆమె సామాన్లు సర్దుతుంటే వెళ్లి కూర్చున్నాను. గడియారాలన్నీ విడివిడిగా గుడ్డల్లో చుట్టాం. నేనూ చుట్టాను. ఇంతకుముందు ఇలాంటి ఇంటికి నా సంతకం వెళ్లేది. ఈసారి నేనే వెళ్లాను. మంగలాయనకు మాత్రం ఆరు నెలల వ్యవధి దొరికింది.

మంగళ, శుక్రవారాలు చాలడం లేదు. బుధవారం కూడా రాయించాను.

అక్క


మేడ మెట్ల మీద
జూలై 6

అక్కా,

ఇక్కడ కూర్చుని ఎందుకు రాస్తున్నానంటే కిందంతా జిగురు ఆరుతోంది, పైన అద్దెకున్నావిడ పాఠం చెబుతోంది. వయొలిన్ నేర్పుతుంది. వచ్చే పిల్లలకు ఇంకా చెయ్యి కుదరలేదు. నీ ఎడమ చెవి మీద నాకు మొదటిసారి అసూయ కలిగింది.

రెండు వాయిదాలు కట్టాం. మూడోది ముందే తీసి పెట్టాం. లాయరుగారి పుస్తకాలు చూసి ఆయన స్నేహితులు ఇద్దరు వచ్చారు. మొన్న జలుబు అధికారి కూడా వచ్చింది, ఈసారి జలుబు లేదు. వాళ్ల నాన్న చేత్తో రాసుకున్న చెట్ల పుస్తకం తెచ్చింది. ఊళ్లో ఏ చెట్టు ఎక్కడుందో బొమ్మలతో సహా రాసుకున్నాడాయన. కుట్టేసి ఇచ్చాను. ఎంత అంది. చెప్పాను. బేరం ఆడింది! ఒక్క రూపాయి తగ్గించాను, అదీ ఆమె కొంచెం సిగ్గుపడ్డాక.

నీకింకో సంగతి చెప్పాలి. ఇది ఎవరికీ చెప్పలేదు. కిందటేడు తెరవని కవర్లు చేరడం మొదలైనప్పటి నుంచి ఈ ఇంటికి నేనొక్క మేకు కూడా కొట్టలేదు. తలుపు గొళ్లెం ఊగుతున్నా, కిటికీ చెక్క బిగుసుకుపోయినా ముట్టుకోలేదు. బద్ధకం అనుకుంది నీ మరదలు. బద్ధకం కాదు. మన ఇల్లు కానిదానికి మేకు కొట్టడానికి చేయి రాలేదు.

ఆదివారం పొద్దున నీ మరదలు యూనిఫాం కోటు కుర్చీ మీంచి జారి మళ్లీ నేల మీద పడింది. "ఎన్నిసార్లు చెప్పాలి, ఒక మేకు కొట్టమని" అంది. సుత్తి తెచ్చాను. గుమ్మం పక్క గోడ మీద మేకు పెట్టి పట్టుకున్నాను. ఆమె వెనక్కి నడిచి, చేతులు కట్టుకుని, తల వాల్చి చూసింది.

"ఇంకొంచెం పైకి" అంది.

పైకి జరిపాను.

"ఆఁ, అక్కడ. గట్టిగా కొట్టండి. చాలాకాలం ఉండాలి."

కొట్టాను అక్కా.

నీ తమ్ముడు